జ్వరం ఎన్నో రోజు? ఏ పరీక్ష?

(సంఘం యువజన సదస్సులో, ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకంటే ముందు మాట్లాడినవాళ్లు మన పండుగల గురించి, మన భాషల గురించి ఎంతో బాగా చెప్పారు. నన్ను ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టర్ని కాను. బీఈడీ చేసి, పాఠాలు చెప్పి, ఇప్పుడు గిరిజన బాలికల హాస్టల్‌లో వార్డెన్‌గా ఉన్నాను. వానాకాలం వచ్చిందంటే మా హాస్టల్‌లో రోజూ ఎవరో ఒక పిల్లకు ఒళ్లు వెచ్చబడుతుంది. దవాఖానకు తీసుకుపోవడం, పరీక్షలు చేయించడం, కాగితాలు పట్టుకుని తిరగడం నా పనిలో భాగం. ఆ తిరుగుడులో డాక్టర్లను, ల్యాబ్ టెక్నీషియన్లను అడిగి తెలుసుకున్న సంగతులే ఇవాళ మీకు చెబుతాను.

మీకే ఎందుకు చెబుతున్నానంటే, ఇంటి నుంచి ఫోన్ వచ్చేది మీకే. "అన్నా, నాయనకు జ్వరం తగ్గుతలేదు. ల్యాబోళ్లు కాగితం ఇచ్చిండ్రు. వాట్సాప్‌ల పెట్టిన, జర చూసి చెప్పు." మీరు చదివేది తెలుగు సాహిత్యం కావచ్చు, కామర్స్ కావచ్చు. ఇంటివాళ్లకు మాత్రం మీరు 'పెద్ద చదువు చదివే పిల్లలు'. ఆ కాగితం మీద ఏముందో, ఏం లేదో చూడటం మీకు తెలిసి ఉండాలి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వైరస్ జ్వరానికి ఏ పరీక్ష చేయించాలన్నది రోగిని చూసి, జ్వరం ఎన్నో రోజో చూసి తేల్చాల్సిన విషయం. సరైన పరీక్ష అయినా తప్పు రోజున చేస్తే తప్పు జవాబు ఇస్తుంది.

ఈ 'రోజు లెక్క' కొత్త సంగతి కాదు. మన సికింద్రాబాద్‌లోనే 1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ అనే మిలటరీ డాక్టర్ మలేరియా రోగిని దోమలతో కుట్టించి, ఆ దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆగస్టు 16న కుట్టిన దోమను 20వ తేదీన కోస్తే దాని పొట్ట గోడలో మలేరియా కణాలు కనిపించాయి. మర్నాడు ఇంకో దోమను కోస్తే అవే కణాలు ఇంకాస్త పెద్దవిగా ఉన్నాయి. కుట్టిన రోజే కోసి ఉంటే ఏమీ దొరికేది కాదు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పేరుతో బేగంపేటలో ఉన్న పరిశోధన సంస్థ మన ఉస్మానియా యూనివర్సిటీదే. విద్యానగర్ దాటితే వచ్చే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి కూడా ఆయన పేరే పెట్టారు. మలేరియా వైరస్ కాదు, అది వేరే రకం క్రిమి. కానీ ఎప్పుడు, ఎక్కడ వెతకాలో తెలిస్తేనే దొరుకుతుందన్న పాఠం అన్ని జబ్బులకూ ఒకటే.

ఇక పరీక్షల సంగతికి వద్దాం. మన ఊళ్ల భాషలో చెబుతాను. రాత్రి చేనులో అడవిపంది పడిందనుకోండి. పంది పడిందని మూడు రకాలుగా తెలుస్తుంది. ఒకటి, పందిని కళ్లారా చూడటం. రెండు, అది వదిలిపోయిన గిట్టల గుర్తులు, వెంట్రుకలు చూడటం. మూడు, చేను చుట్టూ రైతు వేసిన కంచెను చూడటం. కంచె ఉందంటే ఇక్కడ ఎప్పుడో పంది పడిందన్నమాట.

వైరస్ పరీక్షలు కూడా ఈ మూడే. ఆర్‌టీ-పీసీఆర్ అంటే పందినే పట్టుకోవడం. వైరస్‌లోని జన్యు పదార్థాన్ని లక్షల రెట్లు పెంచి చూస్తారు. యాంటిజెన్ పరీక్ష అంటే గిట్టల గుర్తులు చూడటం. వైరస్ తయారుచేసిన ప్రొటీన్ కోసం వెతుకుతారు. యాంటీబాడీ పరీక్ష అంటే కంచెను చూడటం. వైరస్‌ను ఎదుర్కోవడానికి మన ఒళ్లు తయారుచేసుకున్న రక్షణ అది. అందులో ఐజీఎం అంటే నిన్నమొన్న కొట్టిన పచ్చి కర్రల కంచె. ఐజీజీ అంటే పాతబడిన ఎండు కర్రల కంచె. పచ్చి కంచె ఉంటే పంది ఈమధ్యనే పడిందని, ఎండు కంచె ఒక్కటే ఉంటే ఎప్పుడో పడి ఉంటుందని మామూలు లెక్క.

పంది పడిన రాత్రే కంచె లేవదు కదా! ఒంట్లోనూ అంతే. యాంటీబాడీలు తయారవడానికి రోజులు పడుతుంది. అందుకే మొదటి రోజుల్లో వైరస్ కోసమో దాని ప్రొటీన్ కోసమో వెతకాలి. తర్వాతి రోజుల్లో యాంటీబాడీల కోసం వెతకాలి.

డెంగీనే తీసుకుందాం. జ్వరం మొదలైన రోజును ఒకటో రోజు అనుకోండి. ఒకటి నుంచి అయిదో రోజు లోపల ఎన్‌ఎస్1 యాంటిజెన్ పరీక్ష చేయించాలి. అయిదో రోజు దాటాక ఐజీఎం పరీక్ష చేయించాలి. అయిదో రోజు అటూ ఇటుగా ఉంటే రెండూ చేయించడం మంచిది. రెండో రోజున ఐజీఎం చేయించి "నెగెటివ్ వచ్చింది, డెంగీ లేదు" అంటే ఆ మాటకు విలువ లేదు. ఎనిమిదో రోజున ఒక్క ఎన్‌ఎస్1 చేయించి నెగెటివ్ అన్నా అంతే.

ఇంకో చిక్కు ఉంది. డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం వచ్చి తగ్గినవాళ్లకు ఇంకో రకం రావచ్చు. అలా రెండోసారి వచ్చినప్పుడు ఐజీఎం తక్కువగా ఉండి, ఐజీజీ తొందరగా పెరగవచ్చు. ఐజీఎం రెండు మూడు నెలల దాకా రక్తంలో మిగిలి ఉండవచ్చు కూడా. కాబట్టి కాగితం మీద ఒక్క అక్షరం చూసి మనమే తీర్పు చెప్పకూడదు. డాక్టర్‌కు చూపించాలి, పోయిన ఏడు కూడా ఇలాంటి జ్వరం వచ్చిందా లేదా చెప్పాలి.

పరీక్ష చేసే పద్ధతి కూడా చూడండి. చిన్న ప్లాస్టిక్ కార్డు మీద రక్తపు చుక్క వేసి పావుగంటలో చెప్పేది ర్యాపిడ్ పరీక్ష. ల్యాబ్‌లో కొన్ని గంటలు పట్టే పద్ధతి ఎలైసా. డెంగీని నిర్ధారించడానికి ప్రభుత్వం ఎలైసానే లెక్కలోకి తీసుకుంటుంది. ఇందుకోసం ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రులకు పుణె జాతీయ వైరాలజీ సంస్థ తయారుచేసిన ఐజీఎం కిట్లు వస్తాయి, అక్కడ పరీక్ష ఉచితం. కార్డు పరీక్షలో పాజిటివ్ వచ్చినా, నెగెటివ్ వచ్చినా "ఎలైసా చేయించాలా సార్?" అని డాక్టర్‌ను అడగండి.

మా హాస్టల్ పిల్ల ఒకతె సెలవులకు ఇంటికి పోయి జ్వరంతో పడింది. రెండో రోజే దగ్గర్లోని ప్రైవేటు ల్యాబ్‌లో రక్తం తీశారు. ప్లేట్‌లెట్లు, వైడాల్, డెంగీ ఐజీఎం, ఐజీజీ, ఇంకా ఏవేవో చేశారు. అన్నీ బాగానే ఉన్నాయి, ఏమీ లేదు పొమ్మన్నారు. ఆ బిల్లు కట్టడానికి వాళ్ల నాన్న మేకను అమ్మాడు. ఆ రోజు చేయాల్సిన ఎన్‌ఎస్1 మాత్రం ఆ పట్టీలో లేదు. ఆరో రోజున ప్రభుత్వ ఆసుపత్రిలో ఐజీఎం ఎలైసా చేస్తే డెంగీ అని తేలింది. పిల్ల కోలుకుంది, కానీ ఆ నాలుగు రోజులు "ఏమీ లేదు" అన్న ధైర్యంతో ఇంట్లో ఎవరూ జాగ్రత్త పడలేదు. ఎక్కువ పరీక్షలు చేయించడం, సరైన పరీక్ష చేయించడం ఒకటి కాదు.

ప్లేట్‌లెట్ల మాట కూడా చెప్పాలి. ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగీయే అనుకుంటారు మనవాళ్లు. వేరే వైరస్ జ్వరాల్లోనూ, మలేరియాలోనూ అవి తగ్గుతాయి. ఆ లెక్క రోగి ఎలా ఉన్నాడో గమనించడానికి పనికొస్తుంది, ఏ జబ్బో చెప్పదు. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం దిగేటప్పుడు వస్తుంది. జ్వరం తగ్గిందని సంతోషపడే ఆ ఒకటి రెండు రోజుల్లోనే కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా ఉండటం లాంటివి కనిపిస్తే పరీక్ష కాగితంతో పని లేదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. డాక్టర్ చెప్పకుండా నొప్పి మాత్రలు, నొప్పి సూదులు వద్దు. జ్వరానికి పారాసెటమాల్ సరిపోతుంది.

ఇప్పుడు మన ప్రాంతంలోనే జరిగిన ఒక పెద్ద విషాదం చెబుతాను. 2003 వేసవిలో, వానాకాలం మొదట్లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, ఫిట్స్ వచ్చి స్పృహ తప్పేది. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయారు. కరీంనగర్, వరంగల్ ప్రాంతాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. మొత్తం 329 మంది పిల్లలకు జబ్బు వస్తే 183 మంది చనిపోయారు. మీలో కొందరు అప్పటికి పుట్టి ఉండరు. మీ అమ్మానాన్నలకు మాత్రం 'మెదడువాపు' అన్న మాట వింటే ఇప్పటికీ గుండె జారుతుంది.

మెదడువాపు అనగానే అందరికీ ముందు తోచేది జపనీస్ ఎన్‌సెఫలైటిస్. దోమల వల్ల వస్తుంది, మన దగ్గర అంతకుముందూ వచ్చింది. ఆ పరీక్ష చేశారు. అది కాదని తేలింది. అక్కడితో ఆగి ఉంటే ఆ పిల్లలు దేనితో పోయారో ఎవరికీ తెలిసేది కాదు. పుణె వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు పిల్లల నమూనాల నుంచి వైరస్‌ను కణాల్లో పెంచారు, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో దాని ఆకారం చూశారు, ఆర్‌టీ-పీసీఆర్‌తో జన్యువును పరీక్షించారు. అది చండీపురా వైరస్ అని తేల్చారు. 1965లో నాగపూర్ దగ్గరి చండీపురా గ్రామంలో మొదట దొరికింది కాబట్టి ఆ పేరు. ఈ పరిశోధన 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది.

ఈ ఉదంతంలో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, 'నెగెటివ్' అంటే 'మేము వెతికిన వైరస్ దొరకలేదు' అని మాత్రమే అర్థం. జబ్బు లేదని కాదు. రెండు, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీసే జబ్బులో యాంటీబాడీల కోసం ఎదురుచూసే వ్యవధి ఉండదు. వైరస్‌నే వెతకాలి. అందుకు నమూనా తొందరగా తీయాలి, చల్లగా ఉంచి ల్యాబ్‌కు చేర్చాలి. ఈ వైరస్‌ను మోసేది ఇసుక ఈగ. దోమ కంటే చాలా చిన్నది. మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టాల్లో తేమ ఉన్నచోట ఉంటుంది. మన ఇళ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కర్లేదు. 2024లో గుజరాత్‌లో మళ్లీ ఈ జబ్బు పిల్లలను పొట్టన పెట్టుకుంది. కాబట్టి జ్వరంతో పిల్లకు ఫిట్స్ వచ్చినా, మగతగా ఉన్నా పగలూ రాత్రీ చూడకుండా 108కి ఫోన్ చేయండి.

మిగతా జబ్బుల సంగతి క్లుప్తంగా చెబుతాను.

కళ్లు పచ్చబడితే పసరు మందుకు పరుగెత్తుతాం. కామెర్లు ఒక లక్షణమే. దాని వెనక హెపటైటిస్ ఏ, ఈ ఉంటే అవి కలుషిత నీటితో, తిండితో వస్తాయి. వాటికి ఐజీఎం పరీక్ష. హెపటైటిస్ బీ, సీ రక్తం ద్వారా, శారీరక సంబంధం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు వస్తాయి. బీకి హెచ్‌బీఎస్ యాంటిజెన్ చూస్తారు. సీకి ముందు యాంటీబాడీ చూస్తారు, అది పాజిటివ్ అయితే వైరస్ ఇంకా ఉందో లేదో చూడటానికి ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేస్తారు. ఎందుకంటే జబ్బు పోయినా పాత కంచె మిగిలే ఉంటుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద బీ, సీలకు పరీక్షలు, మందులు ఉచితం. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి: కామెర్లు వస్తే ఆలస్యం చేయవద్దు, హెపటైటిస్ బీ పరీక్ష చేయించకుండా కాన్పు దాకా ఆగవద్దు.

హెచ్‌ఐవీ గురించి మన పిల్లలు అడగడానికి సిగ్గుపడతారు. సోకిన వెంటనే చేసిన పరీక్షలో తెలియకపోవచ్చు. అనుమానం ఉంటే ఇప్పుడు ఒకసారి, మూడు నెలలకు మళ్లీ ఒకసారి చేయించాలి. ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు. ఒక్క కిట్‌తో పాజిటివ్ అని ముద్ర వేయరు, వేరు వేరు కిట్లతో నిర్ధారిస్తారు. మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదని, వివరాలు బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది.

కుక్క కరిస్తే పరీక్ష అనే మాటే లేదు. రేబిస్ సోకిందా లేదా అని ముందుగా చెప్పే రక్తపరీక్ష ఏదీ మనకు పనికిరాదు. లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం అసాధ్యమే. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడగాలి, అదే రోజు టీకా మొదలుపెట్టాలి. గాయం లోతుగా ఉంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలా అని అడగాలి. ఏ పరీక్ష చేయించాలో తెలిసినట్టే, ఎక్కడ పరీక్ష కోసం ఆగకూడదో కూడా తెలియాలి.

జ్వరమంటే అన్నీ వైరస్‌లే కావు. ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లకు, సెలవులకు అక్కడికి వెళ్లొచ్చినవాళ్లకు ముందు మలేరియా పరీక్ష చేయాలి. ఆశా అక్క దగ్గరే కిట్ ఉంటుంది. హైదరాబాద్ డాక్టర్ అడగకపోయినా "మాది ఏజెన్సీ ఊరు సార్, పోయిన వారమే వచ్చిన" అని మీరే చెప్పాలి. టైఫాయిడ్‌కు వైడాల్ పరీక్ష ఒక్కసారి చేసి నమ్మడానికి లేదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ చేయడం సరైన పద్ధతి. అలాగే మనవాళ్లలో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు ఉన్నాయి. వాళ్లకు కళ్లు పచ్చబడటం, కీళ్ల నొప్పులు జ్వరం లేకపోయినా వస్తాయి. కామెర్లని, చికున్‌గున్యా అని పొరబడే అవకాశం ఉంది. ఇంట్లో సికిల్ సెల్ ఉంటే ఆ సంగతి మొదటే చెప్పండి.

ఇక మీరున్న చోటు చూడండి. క్యాంపస్ గేటు దాటి తార్నాక వైపు పోతే జాతీయ పోషకాహార సంస్థ. చౌరస్తా దాటితే ఐఐసీటీ. హబ్సిగూడ వైపు పోతే సీసీఎంబీ. ఆ గోడల పక్క నుంచి మీరు రోజూ బస్సులో పోతుంటారు. 2020లో కరోనా వచ్చినప్పుడు సీసీఎంబీ శాస్త్రవేత్తలు నమూనాలు పరీక్షించడమే కాదు, పరీక్షనే సులువు చేశారు. అప్పటిదాకా ముక్కులోంచి తీసిన నమూనాను ప్రత్యేకమైన ద్రవంలో పెట్టి పంపాలి, ల్యాబ్‌లో ఆర్‌ఎన్‌ఏను వేరుచేయాలి, ఆ తర్వాత ఆర్‌టీ-పీసీఆర్. వీళ్లు పొడి పుల్లనే పంపించి, ఆర్‌ఎన్‌ఏ వేరుచేసే మెట్టు లేకుండా పరీక్ష చేసే పద్ధతి కనిపెట్టారు. ఆ ఏడాది నవంబర్‌లో ఐసీఎంఆర్ దానికి అనుమతి ఇచ్చింది. ద్రవం ఒలికిపోతుందన్న భయం లేదు, ఖర్చు తక్కువ, సమయం తక్కువ. దూరపు ఊళ్ల నుంచి నమూనా పంపాల్సిన మనలాంటి వాళ్లకు ఇలాంటి ఆలోచన ఎంత అవసరమో మీకు తెలుసు. సైన్సు చదువుతున్న చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, ఆ గోడకు అవతల పనిచేసేవాళ్లలో మన పిల్లలు కూడా ఉండాలి. మన ఇళ్ల కష్టం తెలిసినవాళ్లు కనిపెట్టే పరీక్షలు మన ఇళ్లకు తొందరగా చేరతాయి.

జ్వరం వస్తే ఎక్కడికి పోవాలి? నగరంలో బస్తీ దవాఖాన, ఊళ్లో పీహెచ్‌సీ మొదటి మెట్టు. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద అక్కడే రక్తం తీసుకుని పెద్ద ల్యాబ్‌కు పంపుతారు, డబ్బు తీసుకోరు. మీకు దగ్గర్లో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉంది, సికింద్రాబాద్‌లో గాంధీ ఆసుపత్రి ఉంది. గాంధీ, ఉస్మానియా, వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీల్లో వైరస్ పరీక్షల ప్రత్యేక ల్యాబ్‌లున్నాయి.

చివరగా, ఫోన్‌లో రాసుకోవడానికి అయిదు ప్రశ్నలు చెబుతాను. ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఇవే అడగండి.

ఒకటి, జ్వరం మొదలైంది ఏ తేదీన? "మూడు నాలుగు రోజులైంది" అంటే ఒప్పుకోవద్దు. సంత రోజా, దాని మర్నాడా అని అడిగి తేదీ రాయించండి.

రెండు, జ్వరంతో పాటు ఇంకేముంది? దద్దుర్లు, కీళ్ల నొప్పులు, దగ్గు, పచ్చకళ్లు, ఫిట్స్?

మూడు, గత నెలలో ఎక్కడికి పోయొచ్చారు, ఇంట్లో, వాడలో ఇంకెవరికైనా ఇలాగే ఉందా?

నాలుగు, కాగితం మీద పరీక్ష పేరేమిటి, రక్తం తీసిన తేదీ ఏది? ఎన్‌ఎస్1ఆ, ఐజీఎమ్మా? కార్డా, ఎలైసానా?

అయిదు, నెగెటివ్ వస్తే మళ్లీ ఎప్పుడు చేయించాలని డాక్టర్ చెప్పారు?

మా హాస్టల్‌లో తలుపు వెనక ఒక పెద్ద క్యాలెండర్ ఉంది. ఎవరికి జ్వరం మొదలైతే ఆ తేదీ గడిలో వాళ్ల పేరు రాస్తాం. దవాఖానకు పోయినప్పుడు ఆ తేదీ చెబితే డాక్టర్ సగం ప్రశ్నలు అడగకుండానే సరైన పరీక్ష రాస్తారు. అందుకు అయ్యే ఖర్చు ఒక పెన్ను. ఈ దసరా సెలవులకు మీరు ఇళ్లకు పోయినప్పుడు మీ ఇంటి గోడ మీద కూడా అలాంటి క్యాలెండర్ ఒకటి వేలాడదీసి, అమ్మకో చెల్లికో ఎలా రాయాలో చూపించి రండి.